పెద్దమ్మ గొంతు

మిల్లు వెనక లైన్లు,
వానలు మొదలైన వారం

అక్కా,

నీ గొంతు మా ఇంటికి వచ్చేసింది! మనిషిని రమ్మంటే ఏళ్ల తరబడి సాకులు చెప్తావు, గొంతు మాత్రం నిచ్చెన వేసుకుని వచ్చి గోడెక్కి కూర్చుంది. కరెంటు మేస్త్రీ పెట్టె బిగించి వైరు తగిలించగానే “బుడంకాయ్, లేచావా?” అన్నావు చూడు, చేతిలో పాలగిన్నె జారి కాళ్ల మీద పడింది. “ఏంటమ్మా, మిమ్మల్నే పిలిచినట్టు ఉలిక్కిపడ్డారు” అని నవ్వాడాయన. నన్నే పిలిచింది, అది మా అక్క అని చెప్పాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి నిచ్చెన భుజాన వేసుకుని పక్కింటికి వెళ్లిపోయాడు.

లైన్లలో పసిపిల్లలున్న ప్రతి కూలీ ఇంటికీ ఒకటి పెట్టారు. నేను పాఠాలు చెప్పే పిల్లల కేంద్రంలో రెండు. బిస్కెట్ డబ్బా అంత ఉంది, ముందు చిల్లులు, మీట మాత్రం ఎక్కడా లేదు. ఆపడం ఎలా అని అడిగితే, ఆపకూడదనే మీట పెట్టలేదట. “ఇదిగో చెయ్యి. ఇది నీ చెయ్యి. ఈ చేత్తో ఏం పట్టుకుంటావు?” అని అడుగుతావు, కాసేపు ఆగుతావు, తర్వాత “అబ్బో, అంతా!” అంటావు. నీ ముద్దు మాటలు విని లైన్లలో ఆడవాళ్లందరూ ఒకటే నవ్వు. పాపకి నువ్వు పెద్దమ్మవి కదా, దాంతో అందరూ పెట్టెనే పెద్దమ్మ అంటున్నారు. “మా పెద్దమ్మ ఇంకా లేవలేదు”, “మీ పెద్దమ్మ అరుస్తోంది చూడు” అని.

పాప ఇప్పుడు కూర్చుంటోంది. నీ గొంతు వినగానే చప్పట్లు కొడుతుంది. వాళ్ల నాన్న లారీ ఎక్కి వెళ్లి నెలైంది. ఆయన గొంతు మర్చిపోయినా పెద్దమ్మ గొంతు మర్చిపోయేలా లేదు.

ఇక్కడ ఫోను పలకదని తెలుసుగా. మిల్లు గేటు దగ్గరికి నడిచి వెళ్లి చేస్తే బావ తీసి నువ్వు స్నానంలో ఉన్నావన్నాడు. జవాబు రాయి.

నీ బుడంకాయ్

~

రాజధాని, పిల్లల సంక్షేమ శాఖ కార్యాలయం,
మూడో అంతస్తు

బుడంకాయ్,

కాళ్లు కాలలేదు కదా? ఆ సంగతి రాయకుండా జోకులేస్తావు, నీ బుద్ధి మారదు.

ఈ పెట్టె వెనక ఎంత కథ ఉందో నీకు తెలియాలి. మొదటి మూడేళ్లలో బిడ్డ చెవిన ఎన్ని మాటలు పడితే బుర్ర అంత ఎదుగుతుందట. బాగా బతికే ఇళ్లలో పిల్లలు రోజంతా మాటలు వింటూ పెరుగుతారు. మీ లైన్లలాంటి చోట తల్లులు మిల్లు చప్పుడుకి చెవులు దిమ్మెక్కి ఇంటికొచ్చి కూలబడతారు, మాట్లాడే ఓపికెక్కడ ఉంటుంది? అందుకే మాటల పెట్టె పథకం. తల్లికి ఓపిక లేకపోతే ప్రభుత్వానికి ఓపిక ఉంది అని మా డైరెక్టరు అన్నప్పుడు, నిజం చెప్తున్నా, నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మనిద్దరం పెరిగిన ఇల్లు గుర్తొచ్చింది.

గొంతు కోసం నటీమణుల్ని పిలిచారు, పాటలు పాడేవాళ్లని పిలిచారు. ఎవరిదీ కమిటీకి నచ్చలేదు. చివరికి టీ తాగుతూ ఎవరో నన్ను చదవమన్నారు. గాజు గదిలో మైకు ముందు కూర్చోబెడితే నా నోట మాట రాలేదు. ఎదురుగా ఎవరూ లేకుండా ముద్దుగా ఎలా మాట్లాడతాం? అప్పుడు కళ్లు మూసుకుని నిన్ను తలుచుకున్నాను. అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని తిరిగిన రోజులు. పొట్టిగా గుండ్రంగా ఉండేదానివి, బుడంకాయ్ అన్నాను, ఇక ఆగలేదు. ఆ పిలుపు తీసేద్దామంటే కమిటీ ఒప్పుకోలేదు. పెట్టె ఒక్కో బిడ్డనీ పేరు పెట్టి పిలవలేదు కదా, అందరికీ ఒకే ముద్దుపేరు ఉంటే మంచిదన్నారు.

ఒక్క నియమం జాగ్రత్తగా చూడు. పెట్టె మాట్లాడుతున్నప్పుడు తల్లులు మధ్యలో మాట్లాడకూడదు. బిడ్డ ధ్యాస చెదిరితే లాభం లేదట. వాళ్లకి నచ్చజెప్పడం కేంద్రం టీచరుగా నీ పని.

నా గొంతు కాస్త బొంగురుపోయింది, రికార్డింగు అలసట అంతే. అందుకే ఫోను తీయలేదు.

అక్క

~

మిల్లు వెనక లైన్లు,
చలి మొదట్లో

అక్కా,

ముందు మంచి కబురు. ఇన్స్పెక్టరమ్మ వచ్చి పిల్లల్ని పరీక్షించి మురిసిపోయింది. ఇంకా సరిగ్గా నడవని పిల్లలు ముక్కు, చెవి, కిటికీ, చీమ అని వేలు పెట్టి చూపిస్తున్నారు. మాటలు కూడా ఎంత స్పష్టంగా అంటున్నారో! “అబ్బో, అంతా!” అని నీలాగే ‘అబ్బో’ దగ్గర కాస్త సాగదీస్తారు. మొత్తం దేశంలో మా కేంద్రమే ముందుందట. నాకు శాలువా కప్పుతామన్నారు, నేను వద్దన్నాను.

ఇప్పుడు రెండో మాట. నువ్వు నవ్వకపోతే చెప్తాను.

దారం చుట్టే ఆవిడకి కవల పిల్లలు. మొన్న వాళ్లని తీసుకెళ్లడానికి వచ్చి గుమ్మంలో నిలబడి పేర్లు పెట్టి పిలిచింది. ఇద్దరూ తలెత్తలేదు. గట్టిగా పిలిచింది. చెవుడేమో అని ఆవిడ గుండె జారిపోయింది. నేను కూడా పిలిచి చూశాను, ఊహూ. సరదాకి “బుడంకాయ్” అన్నాను. ఆ ఇద్దరే కాదక్కా, గదిలో ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా తల తిప్పారు. నిద్రపోతున్న పిల్ల కూడా కళ్లు తెరిచింది. అందరి మొహాల్లో ఒకటే నవ్వు, అదే వంక, అదే పొడవు. నేను పిలిచాను గానీ నా వైపు చూడలేదు. నా తల మీదుగా, వెనక గోడ మీది పెట్టె వైపు చూశారు.

నవ్వేశాను. ఏం చెయ్యను మరి? కానీ దారం చుట్టే ఆవిడ నవ్వలేదు.

ఇంకోటి. లైన్లు నిశ్శబ్దంగా ఉంటున్నాయి. మునుపు ఈ గోడల మధ్య కాకిగోలగా ఉండేది, పిల్లల్ని తిట్టడం, బుజ్జగించడం, ఎవరో ఏదో పాడటం. ఇప్పుడు సాయంత్రం ఆ వరసలో నడుస్తుంటే ప్రతి కిటికీ లోంచీ నువ్వొక్కదానివే వినిపిస్తావు. ఈ ఇంట్లో “ఇది నీ చెయ్యి” అంటే, నడుస్తుండగానే పక్కింట్లో “ఈ చేత్తో” అంటావు, ఆ పక్కింట్లో “ఏం పట్టుకుంటావు?” అంటావు. నాతో పాటు నడిచి వస్తున్నట్టు ఉంటుంది. తల్లులు పెదవి విప్పరు. ఊడ్చే ఆవిడని అడిగితే, “చదువుకున్న గొంతు మాట్లాడుతుంటే నా మొరటు మాటలెందుకమ్మా, పిల్లాడి బుర్ర పాడవుద్ది” అంది. పెట్టె ఆగినప్పుడైనా మాట్లాడొచ్చు కదా అన్నాను. “అప్పటికి ఏం మాట్లాడాలో గుర్తు రావట్లేదు” అంది.

పాప బాగానే ఉంది. నిన్న మళ్లీ ఫోను చేశాను. మళ్లీ స్నానమేనా? నీళ్ల కరువు మీ దగ్గర లేనట్టుంది.

నీ చెల్లి

~

రాజధాని, శాఖ కార్యాలయం

బుడంకాయ్,

నీ ఉత్తరం చదివి మా డైరెక్టరు చాలా సంతోషించారు. అంటే మొదటి పేరా వరకు చదివించాను.

పిల్లలు ఒక పిలుపుకి అలవాటు పడటం సహజమేనట, బడిలో చేరాక సర్దుకుంటుందట. తల్లులు మౌనంగా ఉంటున్నారంటే నియమం బాగా పాటిస్తున్నారని ఇక్కడివాళ్ల లెక్క. నువ్వు మరీ గోరంతలు కొండంతలు చేస్తున్నావేమో చూసుకో. ఆ ఖాళీ కేంద్రంలో సాయంత్రం దాకా ఒంటరిగా కూర్చోకు, ఆయన ఊళ్లో లేనప్పుడు నీకు ఇలాంటి ఊహలొస్తాయి. చిన్నప్పుడు తలుపు వెనక కోటు చూసి మనిషనుకుని ఏడ్చేదానివి.

వచ్చే ఏడు ప్రతి పేద కుటుంబానికీ పెట్టె ఇవ్వాలని నిర్ణయమైంది. సభలో నా కాగితం నా కింది ఉద్యోగి చదివాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు, నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను.

పాప గురించి ఒక్క ముక్క రాశావు. “బాగానే ఉంది” అట. పాప పన్ను రావడం గురించి రెండు పేజీలు రాసిన మనిషివి నువ్వు. ఏమైంది?

అక్క

~

మిల్లు వెనక లైన్లు,
ఎండలు ముదురుతున్నాయి

అక్కా,

కోటు సంగతి ఎత్తావు కాబట్టి చెప్తున్నాను. ఇది కోటు కాదు.

మిల్లులో ఏదో పేలి మంగళవారం పొద్దున్నుంచి లైన్లకి కరెంటు పోయింది. పెట్టెలన్నీ ఆగిపోయాయి. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇవాళ నేనే కథ చెప్తానని పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నాను. వాళ్లు లేచి వెళ్లి గోడ వైపు తిరిగి కూర్చున్నారు. వరసగా, పెట్టెకి ఎదురుగా. కాసేపు చూసి, కవలల్లో ఒకడు మొదలుపెట్టాడు. “బుడంకాయ్, లేచావా?” పక్కది అందుకుంది. “ఇదిగో చెయ్యి.” ఇంకోటి, “ఇది నీ చెయ్యి.” ఒకరి తర్వాత ఒకరు, ఎక్కడా తడబాటు లేదు. నువ్వు ఎక్కడ ఆగుతావో అక్కడ అందరూ ఆగారు.

అలా మధ్యాహ్నం దాకా సాగింది. తర్వాత అందరికంటే చిన్నది, మాటలు ఇంకా రాని పిల్ల, అంది. “బుడంకాయ్, అమ్మ రాదు. నేనున్నాగా.”

అక్కా, ఆ మాట నువ్వు రికార్డు చేశావా? ఆసుపత్రి వరండాలో, అమ్మ మీద దుప్పటి కప్పాక, బల్ల కింద దూరిన నన్ను బయటికి లాగి నువ్వు అన్న మాట అది. అక్కడ మనిద్దరమే ఉన్నాం. నేను పాప వాళ్ల నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. మిగతా పిల్లలు ఆ మాట అందుకుని అన్నారు. అందరూ. నవ్వుతూ.

పాప సంగతి దాచాను. సిగ్గేసి దాచాను. ఊళ్లో పిల్లలందరికీ పాఠాలు చెప్పేదాన్ని, నా కూతురు నేను పిలిస్తే పలకదు. ఎత్తుకుంటే ఎత్తుకోనిస్తుంది, తినిపిస్తే తింటుంది, దిండుని ఎత్తుకున్నట్టు ఉంటుంది. పోయిన నెల మొదటిసారి “అమ్మా” అంది. నేను వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చాను, చేతులు చాపి కూర్చున్నాను. తప్పటడుగులు వేసుకుంటూ నా పక్క నుంచి దాటిపోయింది. గోడకి చెంప ఆనించి, పెట్టె కింద, మళ్లీ అంది. “అమ్మా.”

నువ్వేం చేస్తావో నాకు తెలీదు. నా పాప నాకు కావాలి. అంతే.

చెల్లి

~

రాజధాని, ఇంటి నుంచి

చెల్లీ,

ఆ మాట నేను రికార్డు చెయ్యలేదు. గాజు గదిలో అనలేదు, మనసులో కూడా అనుకోలేదు. నీ ఉత్తరం చేరాక ఆఫీసులో ఉన్న టేపులన్నీ కూర్చుని విన్నాను. ఎక్కడా లేదు.

ఇక నేను దాచింది చెప్తాను. నాకు గొంతు లేదు. బొంగురు కాదు, అసలు లేదు. పెట్టెలు ఇళ్లకి చేరుతున్న కొద్దీ తగ్గుతూ వచ్చింది, చలికాలానికి గుసగుస మిగిలింది, ఇప్పుడు అదీ లేదు. డాక్టరు లైటు వేసి చూసి గొంతు చక్కగా ఉందన్నాడు. బావతో పలక మీద రాసి మాట్లాడుతున్నాను. నువ్వు ఫోను చేసినప్పుడల్లా నేను ఆయన పక్కనే నిలబడి నీ మాటలు వింటున్నాను. స్నానం లేదు, పాడూ లేదు.

కమిటీ ముందుకు వెళ్లాను. పథకం ఆపమని పలక మీద రాసి చూపించాను. ఫలితాలు ఇంత బాగుంటే ఆపమంటావేంటన్నారు. డైరెక్టరు మంచాయనే, నా భుజం తట్టి, “మీ గొంతు పోయినందుకు బాధగా ఉందమ్మా, అదృష్టం ఏంటంటే మాకు కావలసినంత ముందే తీసుకున్నాం” అన్నారు.

నువ్వు నీ ఇంటి పెట్టె పీకేయి. ఎవరడిగినా అక్క పీకమందని చెప్పు, ఉద్యోగం పోతే నాది పోతుంది. పాపని పేరు పెట్టి పిలువు. నేను పెట్టిన పేరే, నువ్వు ఇష్టపడి ఒప్పుకున్న పేరు. నీ గొంతుతోనే పిలువు. చిన్నప్పుడు నా గొంతు అచ్చంగా అనుకరించి నాన్నని బురిడీ కొట్టించేదానివి, గుర్తుందా? ఆ పని మాత్రం చెయ్యకు. నాకు భయంగా ఉంది, ఎందుకో అడగకు.

అక్క

~

మిల్లు వెనక లైన్లు

అక్కా,

పెట్టె పీకేశాను. గోడకి నాలుగు చిల్లులు మిగిలాయి. పాప ఆ చిల్లుల కింద పడుకుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. తినడం మానేసింది. పాలు నోట్లో పోస్తే పక్కనుంచి కారిపోయేవి. పేరు పెట్టి పిలిచాను. కథలు చెప్పాను, పాడాను, కాళ్లు పట్టుకుని బతిమాలాను, చివరికి కసిరాను కూడా. కిటికీ అవతల ఎవరో వెళ్తుంటే చూసినట్టు నా వైపు చూసింది. మిల్లు డాక్టరమ్మ వచ్చి ఇలాగే ఉంటే బిడ్డ దక్కదంది.

నువ్వు వద్దన్న పని చేశాను. ఏం చెయ్యమంటావు? నా బిడ్డ కళ్లముందు వడలిపోతుంటే చూస్తూ కూర్చోనా?

ఆదివారం పొద్దున గోడ పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, నీ గొంతుతో “బుడంకాయ్, లేచావా?” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో! నోట్లో సిద్ధంగా ఉన్నట్టే వచ్చింది. పాప లేచింది. మొదటిసారి నా మొహంలోకి చూసింది. నా మెడ చుట్టూ చేతులు వేసి “అమ్మా” అంది. గిన్నెడు పాలు తాగింది. ఎంత ఏడ్చానో నీకు చెప్పలేను, ఆనందంతోనే.

తర్వాత నా గొంతుతో “నా తల్లే” అన్నాను. వెంటనే చేతులు వదిలేసింది.

చెల్లి

~

రాజధాని

చెల్లీ,

నీ ఉత్తరం రాకముందే నాకు తెలిసింది. ఆదివారం పొద్దున దగ్గొచ్చింది, దగ్గుకి కూడా చప్పుడు లేదు.

నేను వస్తున్నాను. శాఖకి రాజీనామా పంపించాను. వచ్చే వారం బస్సులో బయల్దేరతాను. మాట్లాడలేను గానీ నీ పక్కన కూర్చోగలను. పాప తింటోంది కదా, అంతవరకు చాలు. మెల్లమెల్లగా నీ గొంతు కలుపు, నా మాట ఒకటి అంటే నీది ఒకటి అను, పాప ఎదురు తిరిగినా వదలకు. రోజూ ఒక్కసారైనా పేరు పెట్టి పిలువు. నా కోసం కాదు, నీ కోసం. నువ్వు ఎలా మాట్లాడతావో నాకు బాగా గుర్తుంది. ర అన్నప్పుడు నాలుక కాస్త మడతపడుతుంది, కోపమొస్తే మాట మధ్యలో నవ్వేస్తావు. నువ్వు మర్చిపోతే నేను రాసి చూపిస్తాను.

వెంటనే జవాబు రాయి.

అక్క

~

మిల్లు వెనక లైన్లు

బుడంకాయ్,

నువ్వు రానక్కర్లేదు. అంత దూరం బస్సులో నలిగిపోతావు, అసలే నీకు ఒంట్లో బాగుండదు. ఇక్కడ అన్నీ సర్దుకున్నాయి.

మీ డైరెక్టరుగారు వచ్చి వెళ్లారు. పెట్టె కంటే మనిషి నోట వస్తే ఇంకా బాగుందని మెచ్చుకున్నారు. లైన్లలో ఆడవాళ్లకి నేర్పిస్తున్నాను. దారం చుట్టే ఆవిడకి త్వరగా పట్టుబడింది. ఊడ్చే ఆవిడకి ‘అబ్బో’ దగ్గర సాగదీయడం ఇంకా రావట్లేదు, వస్తుంది. ఇప్పుడు లైన్లు నిశ్శబ్దంగా ఉన్నాయని ఎవరూ అనలేరు. తల్లులందరూ మాట్లాడుతున్నారు, పిల్లలందరూ పలుకుతున్నారు. నువ్వు కోరుకుంది ఇదేగా?

లారీ ఆయన మొన్న ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి లోపల ఎవరు మాట్లాడుతున్నారని అడిగాడు. లోపలికి రమ్మంటే చాలాసేపు రాలేదు.

పాపని పేరు పెట్టి పిలవమని రాశావు. పిలుద్దామని కూర్చున్నాను. ఏం పేరు పెట్టామో చప్పున తట్టలేదు. నీకు గుర్తుంటే ఒక ముక్క రాసి పడెయ్యి, తొందరేం లేదు.

పాప బాగా తింటోంది, ఒళ్లు చేసింది, రోజంతా నన్ను వదలదు. ఒక్కటే చిన్న పేచీ. సాయంత్రం పూట ఆడుకుంటూ ఆడుకుంటూ ఆగిపోతుంది. గుమ్మం వైపు చూస్తుంది, మంచం కింద చూస్తుంది, వంటగదిలోకి వెళ్లి తలుపు వెనక చూస్తుంది. ఎవరినో వెతుకుతుంది. పెదవి విరిచి ఏడవబోతుంది. అప్పుడు ఒళ్లోకి తీసుకుని వీపు నిమురుతాను.

“బుడంకాయ్, అమ్మ రాదు. నేనున్నాగా” అంటాను. వెంటనే ఊరుకుంటుంది.

అక్క